పాలమూరు నుంచి లద్దాఖ్‌కు సొంత కారులో ఎలా వెళ్లాలి

జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగితే శ్రీనగర్ చేరతాం. అక్కడి నుంచి ఒకటో నంబరు రహదారి పట్టుకుంటే లద్దాఖ్‌లోని లేహ్. అందుకే మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు కారున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ ప్రయాణం గురించి అడుగుతూనే ఉంటారు. ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే: మన కారు ఎక్కుతుందా? ఎన్ని రోజులు పడుతుంది? మనాలి మీదుగా పోవాలా, శ్రీనగర్ మీదుగానా?

ముందు జవాబులు చెప్పేస్తాను. కండిషన్‌లో ఉన్న మామూలు కారు ఎక్కుతుంది. ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు రోజులు కావాలి. శ్రీనగర్ మీదుగా వెళ్లి, మనాలి మీదుగా తిరిగి రండి. మీ చేతిలో పద్దెనిమిది రోజుల కంటే తక్కువ సెలవుంటే కారు ఇంట్లోనే పెట్టి రైల్లోనో విమానంలోనో వెళ్లండి, లేహ్‌లో స్థానిక ట్యాక్సీ మాట్లాడుకోండి. అందులో తక్కువతనం ఏమీ లేదు. దూరం ఒక వైపే దాదాపు మూడు వేల కిలోమీటర్లు. రోజులు సరిపోనివాళ్లు కోత పెట్టేది ఎప్పుడూ విశ్రాంతి రోజుల మీదే. లద్దాఖ్‌లో ప్రాణం మీదికి వచ్చేది కూడా అక్కడే.

ఏ నెలలో వెళ్లాలి

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా. అందులోనూ సెప్టెంబరు మేలు. జులై, ఆగస్టులలో హిమాచల్ వైపు వానలకు కొండచరియలు విరిగి పడతాయి, మనాలి దారి రోజుల తరబడి మూసుకుపోవచ్చు. మే నెలలో పిల్లల సెలవులని బయల్దేరేవాళ్లు చాలామంది. అప్పటికి మనాలి-లేహ్ దారి తెరుచుకున్నా రెండు పక్కలా మంచు గోడలుంటాయి, రోడ్డు మీద కరిగిన నీళ్లు రాత్రికి గడ్డకడతాయి. మంచులో నడిపిన అలవాటు లేని మనకు అది పనికిరాదు.

ఏమేం కావాలి

కాగితాలు: ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్, అందరి ఆధార్. ఒరిజినల్స్‌తో పాటు నాలుగైదు సెట్ల జిరాక్సులు. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, సిగ్నల్ లేని చెక్‌పోస్టులో ఫోన్ పనిచేయదు. కారు ఇంట్లోవాళ్ల పేరు మీద ఉంటే సంబంధం చూపించే కాగితం ఒకటి దగ్గర ఉంచుకోండి. బయటి ఊళ్లలో అద్దెకు తీసుకున్న సెల్ఫ్ డ్రైవ్ కార్లను, బైకులను నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు వెళ్లనివ్వరు, స్థానిక ట్యాక్సీ యూనియన్లు ఆపేస్తాయి. సొంత బండి అయితే ఇబ్బంది లేదు.

ఫోన్: మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో గానీ లద్దాఖ్‌లో గానీ పనిచేయదు. కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అవి వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది. బయల్దేరే వారం ముందే మార్పించుకోండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దింపి పెట్టుకోండి.

బండికి: మంచి స్టెప్నీ, జాకీ, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, సిగరెట్ లైటర్‌కు తగిలించే గాలి పంపు, టోయింగ్ తాడు, జంపర్ కేబుళ్లు, ఫ్యూజులు, లీటరు ఇంజన్ ఆయిల్, రెండు లీటర్ల కూలెంట్.

మనుషులకు: స్వెటర్ ఒక్కటే లావుది కాకుండా పొరలుగా వేసుకునే బట్టలు, గాలి చొరని జాకెట్, చేతి తొడుగులు, ఉన్ని టోపీ, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, వేలికి పెట్టే ఆక్సిమీటర్, రోజూ వాడే మందులు నెల రోజులకు సరిపడా. నగదు కూడా కావాలి. లేహ్, కార్గిల్, నుబ్రా లోయలోని దిస్కిత్‌లలో ఏటీఎంలు ఉన్నా వాటినే నమ్ముకోవద్దు.

తిండి: మామిడికాయ తొక్కు, పల్లి కారం, సకినాలు, ఎండు జొన్నరొట్టెలు, అటుకులు. తొక్కు సీసాలో పెడితే పైకి ఎక్కేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి మూతలోంచి నూనె కారుతుంది. స్టీలు డబ్బాలో పెట్టి, రెండు కవర్లు చుట్టండి. వండుకునే ఆలోచన ఉంటే చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. లేహ్ ఎత్తులో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకే.

1. బండిని మెకానిక్ దగ్గరికి నెల ముందు తీసుకెళ్లండి

వారం ముందు కాదు, నెల ముందు. మార్చిన భాగాలు సరిగా కూర్చున్నాయో లేదో మన ఊళ్లోనే తెలియాలి.

అన్నిటికంటే ముందు రేడియేటర్ చూపించండి. మన దగ్గర రేడియేటర్ నీళ్లు తగ్గితే బోరు నీళ్లు పోయడం మామూలు. నల్లగొండ, పాలమూరు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, లోపల పొర కడుతుంది. పైగా ఒట్టి నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు పెరిగి రేడియేటర్‌ను, ఒక్కోసారి ఇంజన్ బ్లాక్‌నే పగలగొడుతుంది. పాంగాంగ్ దగ్గర, మనాలి దారిలోని సర్చు ప్రాంతంలో సెప్టెంబరు రాత్రుల్లో కూడా చలి సున్నా కిందికి దిగుతుంది. అందుకని పాతదంతా తీసేయించి, కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. మీరు పక్కనే నిలబడి చూడండి. "పోశాం సార్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. సరిచూసుకునే పద్ధతి: ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీస్తే రంగు చిక్కగా కనపడాలి. వెలిసిపోయినట్టుంటే నీళ్లు ఎక్కువ కలిపారని అర్థం.

తర్వాత బ్రేకులు. ప్యాడ్లు సగం అరిగి ఉన్నా కొత్తవి వేయించండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే మార్పించండి. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, పొడవాటి దిగుడులో వేడెక్కితే ఆవిరై పెడల్ ఒక్కసారిగా మెత్తబడుతుంది. క్లచ్, బెల్టులు, బ్యాటరీ కూడా చూపించండి. బ్యాటరీ మూడేళ్లు దాటినదైతే నేనైతే కొత్తది వేయిస్తాను, చలిలో ముందు మొండికేసేది అదే.

టర్బో లేని చిన్న పెట్రోలు కార్లకు ఒక మాట. నుబ్రా దారిలోని ఖర్దుంగ్‌లా కనుమ ఎత్తులో గాలి మన దగ్గరున్న దానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంజన్ బలం కూడా సగానికి దగ్గరగా పడిపోతుంది. బండిలో లోపం ఉండి కాదు. అలాంటి కారులో అయిదుగురు, పైన క్యారియర్ నిండా సామాను అంటే కుదరదు. ముగ్గురు, మహా అయితే నలుగురు. ఏసీ ఆపి ఫస్ట్ గేరులో నిదానంగా ఎక్కించండి.

2. శ్రీశైలం ఘాట్‌లో రిహార్సల్ చేయండి

ఈ మెట్టు వదలొద్దు. లద్దాఖ్‌కు తీసుకెళ్లే మనుషులు, అదే సామానుతో ఒక రోజు శ్రీశైలం వెళ్లండి. పాలమూరు వాళ్లు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా, నల్లగొండ వాళ్లు దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరవచ్చు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు బంద్, పగలే వెళ్లండి.

దోమలపెంట, ఈగలపెంట దాటి పాతాళగంగ వైపు దిగే మలుపుల్లోనే అసలు పని. సెకండ్ గేరులో వేసి, ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వదిలేయడం అలవాటు చేసుకోండి. కిందికి చేరాక దిగి ప్రతి చక్రం దగ్గరా వాసన చూడండి. కాలిన వాసన వస్తే మీరు బ్రేకుల మీద ఎక్కువ ఆధారపడ్డారు. ఇంకో రోజు మళ్లీ చేయండి. వాసన ఒకే చక్రం దగ్గర వస్తే మాత్రం తప్పు డ్రైవింగ్‌ది కాకపోవచ్చు, అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది, మెకానిక్‌కు చూపించండి.

తిరుగు దారిలో ఎక్కేటప్పుడు మధ్యలో ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక్కి జారకుండా కదిలించి చూడండి. హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టేవాళ్లు శ్రీనగర్-లేహ్ దారిలోని జోజిలా కనుమ దగ్గర ట్రాఫిక్‌లో గంటలోపే క్లచ్ కాల్చుకుంటారు.

3. ఒంటిని డాక్టర్‌కు చూపించండి

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ముందుజాగ్రత్తగా వాడే అసెటజోలమైడ్ గురించి కూడా ఆయననే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. మందుల షాపులో అడిగి సొంతంగా మింగొద్దు. ఇంట్లో ఉండగానే ఒక మాత్ర వేసుకుని చూస్తే మంచిది. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం ఆ మందుతో మామూలే, తెలియనివాళ్లు కొండ మీద కంగారుపడతారు.

ఇంట్లో పెద్దవాళ్లను కశ్మీర్ దాకా చూపించాలనుకుంటే, వాళ్లను కాట్రా వరకు రైల్లో రప్పించి అక్కడి నుంచి శ్రీనగర్ రైలు ఎక్కించండి. 2025 జూన్ నుంచి ఆ రైలు చీనాబ్ వంతెన మీదుగా నడుస్తోంది. శ్రీనగర్‌లో కలుసుకుని, అటు నుంచి అటే వెనక్కి పంపేయొచ్చు.

4. శ్రీనగర్ దాకా అయిదు రోజులు

మొదటి రోజు నాగ్‌పూర్. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మేడ్చల్ దగ్గర దిగితే హైదరాబాద్ ట్రాఫిక్ తగలదు. నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి మీదుగా వచ్చి అదే ఔటర్ ఎక్కాలి. కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటితే పెన్‌గంగ, ఆవల మహారాష్ట్ర. రెండో రోజు సివనీ, సాగర్, లలిత్‌పూర్ మీదుగా ఝాన్సీ. సివనీ దగ్గర పెంచ్ అడవి, చీకటి పడ్డాక అక్కడ నడపొద్దు. మూడో రోజు ఢిల్లీ లోపలికి వెళ్లకండి. పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే కుండ్లీ దగ్గర తేలుతారు. ఆ రాత్రి పానిపట్ లేదా కర్నాల్‌లో ఆగండి. డీజిల్ కారుకు పదేళ్లు, పెట్రోలు కారుకు పదిహేనేళ్లు దాటి ఉంటే ఢిల్లీ చుట్టుపక్కల నిబంధనలు బయల్దేరే ముందు చూసుకోవాలి. నాలుగో రోజు జమ్మూ, అయిదో రోజు శ్రీనగర్.

ఇద్దరు డ్రైవర్లు లేకుండా ఈ అయిదు రోజులూ అయ్యే పని కాదు. ఒక్కరే ఉంటే ఏడు రోజులు వేసుకోండి.

జమ్మూ-శ్రీనగర్ దారిలో రాంబన్ దగ్గర కొండచరియలు పడుతుంటాయి. జమ్మూ కశ్మీర్ ట్రాఫిక్ పోలీసులు రోజూ ఆ దారి పరిస్థితి ప్రకటిస్తారు. ముందు రోజు రాత్రి, మళ్లీ పొద్దున బయల్దేరే ముందు చూడండి. శ్రీనగర్‌లో ఒక రోజు పూర్తిగా ఆగండి.

కశ్మీర్ వైపు పరిస్థితులు బాగోక ఆ దారి వద్దనుకుంటే మనాలి మీదుగా ఎక్కవచ్చు. కానీ కేలాంగ్ లేదా జిస్పాలో రెండు రాత్రులు ఆగిన తర్వాతే పైకి కదలండి, సర్చులో పడుకోకండి. ఎందుకో తొమ్మిదో మెట్టులో చెప్తాను.

5. శ్రీనగర్ నుంచి లేహ్, రెండు రోజుల్లో

ఈ దారి మంచితనం ఏమిటంటే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు. సోన్‌మార్గ్ 2,700 పైన. జోజిలా కనుమ 3,528 దాకా ఎక్కించి, ద్రాస్ దాటాక కార్గిల్‌లో మళ్లీ 2,700 లోపు దింపుతుంది. మహబూబ్‌నగర్ అయిదు వందల మీటర్లలోపే కాబట్టి మన ఒంటికి ఆ మెల్లగా ఎక్కడం చాలా అవసరం.

సోన్‌మార్గ్ ముందున్న జెడ్-మోడ్ సొరంగం 2025 జనవరిలో తెరిచారు. జోజిలా కింద సొరంగం పనులు సాగుతున్నాయి కాబట్టి కనుమ మాత్రం ఎక్కాల్సిందే. అక్కడ ఒక వైపు రాకపోకలకు వేళలు పెడతారు, కనుక్కుని తెల్లవారుజామున బయల్దేరండి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది రూలు. సైన్యం కాన్వాయ్ వస్తే మీరే పక్కకు తీయండి. అయితే లోయ అంచుకు కాదు, కొండ వైపుకు.

ద్రాస్‌లో 1999 కార్గిల్ యుద్ధ స్మారకం రోడ్డు పక్కనే ఉంటుంది, ఎదురుగా తొలోలింగ్ కొండ. గంటైనా ఆగండి. ఆ రాత్రి కార్గిల్. మర్నాడు నమికలా, 4,108 మీటర్ల ఫోటులా, లామాయురు మఠం, నిమ్మూ దగ్గర సింధు-జన్‌స్కార్ నదుల కూడలి చూసుకుంటూ సాయంత్రానికి లేహ్.

6. లేహ్‌లో రెండు రోజులు ఏ పనీ పెట్టుకోవద్దు

లేహ్ 3,500 మీటర్లు. ఇక్కడ ప్రతి ఊపిరిలో మన ఊళ్లో దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులకు కాస్త ఎక్కువ దొరుకుతుంది. మొదటి రెండు రోజులు మెల్లగా నడవండి, మెట్లు ఎక్కే మఠాలు మూడో రోజుకు పెట్టుకోండి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు, తేలిక తిండి. మందు, సిగరెట్ బంద్. నిద్ర పట్టకపోయినా నిద్రమాత్ర వద్దు, అది ఊపిరిని ఇంకా నెమ్మది చేస్తుంది.

కాస్త తలనొప్పి, ఆకలి మందగించడం, సరిగా నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి, రెండో రోజుకు తగ్గాలి. తగ్గాయా లేదా అన్నది ఇలా చూసుకోండి:

ఆక్సిమీటర్‌లో ఇంటి దగ్గర కనిపించే 98 కోసం చూడకండి. ఎనభైల చివర, తొంభైల మొదట్లో ఉండటం అక్కడ మామూలే. అంకె కన్నా అది ఏ వైపు పోతోందో ముఖ్యం. పూటపూటకూ పడిపోతూ, కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే ఆసుపత్రికి వెళ్లాలి.

మనిషిని నేల మీద ఒక గీత వెంట మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు వేయమనండి. తూలితే, మాట తడబడితే, విపరీతంగా నిద్రమత్తుగా ఉంటే మెదడులో నీరు చేరుతున్నట్టు అనుమానించాలి. దగ్గులో నురగ, గురగుర శబ్దం వస్తే ఊపిరితిత్తుల్లో. రెండూ ప్రాణాంతకమే. తెల్లవారాక చూద్దాం అనుకోవద్దు. లేహ్‌లో సోనమ్ నుర్బూ స్మారక ఆసుపత్రి ఇలాంటి కేసులు నిత్యం చూసే చోటు, నేరుగా అక్కడికే తీసుకెళ్లండి.

మగవాళ్లు ముఖ్యంగా ఒకటి చేస్తారు: తలనొప్పిని దాచిపెడతారు. తన వల్ల అందరి ట్రిప్ పాడవుతుందని. బయల్దేరే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఎవరికి బాగాలేకపోయినా ప్లాన్ మార్చేస్తామని, దానికి ఎవరూ నిష్ఠూరమాడరని అందరి ముందు ఒప్పుకోండి. ఈ ఒక్క మాట ఆక్సిజన్ సిలిండర్ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఈ రెండు రోజుల్లోనే అనుమతుల పని చూసుకోండి. సరిహద్దు ప్రాంతాలకు అనుమతి, పర్యావరణ రుసుము నిబంధనలు మారుతూ ఉంటాయి. హోటల్‌వాళ్లను, పర్యాటక కార్యాలయాన్ని అడిగి ఆన్‌లైన్‌లో కట్టి, ప్రింట్లు తీయించుకోండి. మీతో అమెరికా పౌరసత్వం తీసుకున్న తమ్ముడో చెల్లెలో ఉంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా విదేశీయుల కిందే లెక్క. వాళ్ల పర్మిట్ స్థానిక ట్రావెల్ ఏజెంట్ ద్వారా తీసుకోవాలి, కొన్ని చోట్లకు వాళ్లను రానివ్వరు.

7. ముందు నుబ్రా, తర్వాతే పాంగాంగ్

ఫొటోల మోజుతో చాలామంది మొదట పాంగాంగ్ సరస్సుకు పరుగెత్తుతారు. అది 4,200 మీటర్ల పైన ఉంది, రాత్రి అక్కడే పడుకోవాలి. నుబ్రా లోయలో దిస్కిత్, హుందర్ లేహ్ కంటే తక్కువ ఎత్తు, సుమారు 3,100 మీటర్లు. ఖర్దుంగ్‌లా కనుమ ఎక్కి దిగాల్సి ఉన్నా పడుకునేది కిందనే. ఎత్తుకు ఎక్కిన సంగతి కన్నా ఎంత ఎత్తులో నిద్రపోయామన్నది ఒంటికి ముఖ్యం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును ఒక్క రాత్రిలో 500 మీటర్ల కంటే పెంచకపోవడం మంచి పద్ధతి. పాంగాంగ్‌కు ఆ లెక్క కుదరదు, అందుకే దాన్ని చివరికి పెట్టుకోమంటున్నాను.

ఖర్దుంగ్‌లా మీద పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఫొటో తీసుకుని దిగిపోండి. పరుగెత్తొద్దు, పిల్లల్ని పరుగెత్తనివ్వొద్దు.

నుబ్రాలో హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు అందరూ చూసేవే. నేనైతే ఒక రోజు తుర్తుక్‌కు కేటాయించమంటాను. 1971 యుద్ధంలో మన దేశంలోకి వచ్చిన బాల్టీ ఊరు అది, పర్యాటకులను 2010 నుంచే రానిస్తున్నారు. శ్యోక్ నది ఒడ్డున, కొండ మీద మెట్లు మెట్లుగా పొలాలు, మధ్య మధ్య ఖుబానీ చెట్లు. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా తిన్నవాళ్లు ఆ పండును చెట్టు మీద చూడాలంటే ఇక్కడ చూడవచ్చు. ఎండబెట్టినవి ఊళ్లోవాళ్ల దగ్గరే కొనుక్కోండి. ఇళ్ల మధ్య నడిచేటప్పుడు ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తీయొద్దు. వంతెనలు, సైనిక స్థావరాలు అసలే తీయొద్దు.

8. శ్యోక్ దారిలో పాంగాంగ్

నుబ్రా నుంచి శ్యోక్ నది వెంట పాంగాంగ్ చేరవచ్చు. దారిలో వాగులు అడ్డం వస్తాయి. మంచు కరిగి వచ్చే నీళ్లు కాబట్టి ఎండ ఎక్కేకొద్దీ ఉధృతి పెరుగుతుంది. పొద్దున మోకాలి లోతు లేని వాగు మధ్యాహ్నానికి కారును తోసేస్తుంది. పదకొండు లోపు దాటేలా బయల్దేరండి. దాటే ముందు ఇంకో బండి ఎలా పోతోందో చూడండి, ఫస్ట్ గేరులో వేగం మార్చకుండా ఒకే ఊపులో వెళ్లండి, మధ్యలో క్లచ్ నొక్కొద్దు. ఆవలికి చేరాక బ్రేకు రెండు మూడు సార్లు తొక్కి తడి ఆర్చండి. వాగు చూసి అనుమానం వస్తే వెనక్కి తిరిగి లేహ్ మీదుగా, చాంగ్‌లా కనుమ దారిన వెళ్లండి. ఒక రోజు పోతుంది, అంతే.

ఈ దారిలో శ్యోక్, దుర్‌బుక్ ఊళ్లు వస్తాయి. శ్యోక్‌లో కలిసే నదుల్లో గల్వాన్ ఒకటి. 2020 జూన్ 15 రాత్రి ఆ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు మన ఉమ్మడి నల్లగొండలోని సూర్యాపేట బిడ్డ, బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ అధికారి. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. సూర్యాపేటలో ఆయన విగ్రహం చూసిన కళ్లతో ఈ నదిని చూడటం వేరుగా ఉంటుంది. ఉత్తరాన దౌలత్ బేగ్ ఓల్డీ వైపు పోయే రోడ్డు ఎక్కాలని మాత్రం అనుమతి లేకుండా ప్రయత్నించకండి.

పాంగాంగ్‌లో ఒక్క రాత్రి చాలు. గుడారంలో గానీ, అద్దాలు మూసిన కారులో గానీ స్టవ్వు, బొగ్గుల కుంపటి వెలిగించి పడుకోవద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే తీసుకుపోతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి హీటర్ వేసుకుని నిద్రపోవడం కూడా అంతే.

పెట్రోలు, డీజిల్ దిస్కిత్‌లో నింపుకుంటే మళ్లీ లేహ్ వైపు వచ్చేదాకా బంకు ఉండదనే లెక్కతో నడపండి. కొండల్లో మైలేజీ మూడో వంతు పడిపోతుందని లెక్కేసుకోవాలి.

9. మనాలి మీదుగా దిగండి

పాంగాంగ్ నుంచి లేహ్ వచ్చి ఒక రాత్రి ఆగి, ట్యాంకు నిండా కొట్టించుకుని బయల్దేరండి. లేహ్ నుంచి మనాలి సుమారు 430 కిలోమీటర్లు. లేహ్, కరూ దాటాక నమ్మదగిన బంకు కేలాంగ్ దగ్గర తాండీలోనే. మధ్యలో 350 కిలోమీటర్ల దాకా ఏమీ లేదనుకోండి. నలభై లీటర్ల ట్యాంకున్న కారుకు క్యాన్లు అక్కర్లేదు. కారు లోపల పెట్రోలు క్యాన్ పెట్టుకోవడం ఆ ఎత్తులో ప్రమాదం, గాలి ఒత్తిడి తగ్గి ఉబ్బుతుంది. బైకుల వాళ్లు లోహపు క్యాన్ బయట కట్టుకోవచ్చు, మూత మెల్లగా తిప్పి ఆవిరి పోనిచ్చాకే తీయాలి.

దారిలో తంగ్‌లంగ్‌లా, లాచుంగ్‌లా, బారాలాచా అనే పెద్ద కనుమలు, ఇరవై ఒక్క మలుపుల గాటా లూప్స్. పాంగ్, సర్చు ఈ కనుమల మధ్య ఇరుక్కున్న చోట్లు, 4,200 మీటర్లకు పైమాటే. అక్కడ రాత్రి ఎవరికైనా ఊపిరి ఆడకపోతే ఎటు దిగాలన్నా ముందు ఇంకా పైకి ఎక్కాలి. మనాలి నుంచి వచ్చినవాళ్లు రెండో రాత్రికే సర్చులో పడుకుని ఇబ్బందిపడేది ఇందుకే. మీరు అప్పటికి వారం పైగా ఎత్తులో ఉన్నారు కాబట్టి మీకు ముప్పు తక్కువ. అయినా తెల్లవారి నాలుగింటికి బయల్దేరి చీకటి పడకముందే జిస్పా చేరడం మంచిది, అది 3,200 మీటర్లే. అలసిపోతే పట్టుబట్టి నడపొద్దు, సర్చులో ఆగండి. ఆ ఎత్తుకు అలవాటైన ఒళ్లు ఒక్క రాత్రి తట్టుకుంటుంది, నిద్రపోయే డ్రైవర్‌ను మాత్రం ఏ కనుమా క్షమించదు.

జిస్పా నుంచి మర్నాడు అటల్ సొరంగం. 9 కిలోమీటర్ల ఆ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది. సొరంగం ఇవతల ఎండ, అవతల వాన ఉండటం అక్కడ రివాజు. బయటికి వచ్చేటప్పుడు వేగం తగ్గించి, లైట్లు, వైపర్లు సిద్ధంగా పెట్టుకోండి. మనాలి నుంచి మండి వరకు బియాస్ నది పక్కనే దారి. గట్టి వాన కురుస్తుంటే మనాలిలోనే ఆగిపోండి. ఇంటికి ఒక రోజు ఆలస్యంగా చేరతామని ఫోన్ చేస్తే సరిపోతుంది.

10. ఇంటికి చేరాక

వారంలోపు బండిని మళ్లీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోయి ఉంటుంది, మార్చేయించండి. బ్రేక్ ప్యాడ్లు, టైర్ల పక్క గోడల మీద రాళ్ల కోతలు, అండర్‌బాడీ, సస్పెన్షన్ బుష్‌లు చూపించండి. వీల్ అలైన్‌మెంట్ దాదాపు ప్రతి కారుకూ తప్పి ఉంటుంది. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ ఒక్క క్షణం వదిలి చూస్తే బండి ఏ పక్కకు లాగుతోందో తెలిసిపోతుంది. కూలెంట్ తీసేయాల్సిన పని లేదు, మన ఎండలకూ అదే మంచిది. తగ్గితే బోరు నీళ్లు మాత్రం పోయనివ్వకండి.